కార్డు లేకుండానే పాస్

హిందూపురం నుంచి ధర్మవరం పోయే సాయంత్రం పాసింజరులో ఈ మాట ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ధర్మవరం గంగాధర పెనుకొండ చౌడక్క మీద మనసుపడి, ఆమె చేసిన తప్పును తన నెత్తిన వేసుకుని, బంగారంలాంటి ఉద్యోగం వదులుకున్నాడట. కొందరు ఇంకాస్త కలుపుతారు. ధర్మవరంలో ఆమెకు ఇల్లు పెట్టాడట, పట్టుచీరలకు లోటు లేదట. మొన్న కొత్తగా పనిలో చేరిన పిల్లలకు రమాదేవి ఈ కథ చెబుతుంటే నేను కిటికీ పక్కన కూర్చుని విన్నాను.

"మగోడంటే అట్లుండల్లమే" అంది రమాదేవి, అరచేతిలోని శనక్కాయల పొట్టు కిటికీలోంచి ఊదేస్తూ. "మా ఇంట్లో ఉండాడు ఒగడు. నా తప్పు నెత్తినేసుకునేది అట్లుండనీ, వాడు చేసింది కూడా నా మీదనే యేస్తాడు."

అందరూ నవ్వారు. ఒక పిల్ల నా వైపు తిరిగి, "మహేశ్వరక్కా, నువ్వు అప్పుడు ఆడనే పనిచేస్తాంటివంట గదా, నిజమేనా?" అని అడిగింది.

పదిమందిలో నాకు మాట రాదు. "మలుగూరు వచ్చింది, జరగండి, ఎక్కేటోళ్లుంటారు" అన్నాను. ఆ పిల్లకు చెప్పలేకపోయింది ఇది.

గంగాధర పుట్టింది ధర్మవరంలో, మగ్గాల వీధిలో. అతని నాయన ఆదినారాయణ పట్టుచీరలు నేసేవాడు. గంగాధర బడి నుంచి రాగానే మగ్గం దగ్గర కూర్చుని దారాలు అతికేవాడట. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు దారాల వరస, అయిపోతే దాన్ని మొత్తం పీకి పారెయ్యరు. పాత దారాల కొసలు మగ్గంలోనే వదిలేసి, ఒక్కొక్క కొసకూ కొత్త పడుగు దారం అతుకుతారు. లేకపోతే వేల దారాలను మళ్లీ మొదటినుంచి దూర్చుకుంటూ కూర్చోవాలి. ఈ సంగతి అతను రైల్లో మాకు చాలాసార్లు చెప్పాడు. చెబుతున్నప్పుడు బొటనవేలు, చూపుడువేలు కలిపి గాలిలోనే దారం మెలి తిప్పేవాడు.

నాయనకు చూపు మందగించాక మగ్గం ఆగిపోయింది. గంగాధర పాలిటెక్నిక్‌లో డిప్లొమా పూర్తిచేసి హిందూపురం బయట ఉన్న మా ఫ్యాక్టరీలో చేరాడు. నేను తొమ్మిదో తరగతి మధ్యలో ఆపేసి పనికి వచ్చిన ఏడాదే అతనూ వచ్చాడు. ఆ ఫ్యాక్టరీలో బోరు మోటార్ల స్టార్టర్లలో పెట్టే ఎలక్ట్రానిక్ కార్డులు చేసేవాళ్లం. కరెంటులో ఒక ఫేజు పోయినా, బోరులో నీళ్లు అయిపోయినా ఆ కార్డు మోటారును ఆపెయ్యాలి. ఆపకపోతే మోటారు కాలిపోతుంది. మా సీమలో బోరు మోటారు కాలిపోవడమంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు.

తయారైన కార్డులన్నీ చివరికి పరీక్ష బల్ల దగ్గరికి వచ్చేవి. ఆ బల్ల దగ్గర చౌడక్క కూర్చునేది. కార్డును ఒక చట్రంలో పెట్టి పిడి కిందికి లాగితే, చట్రంలోని సూదులు కార్డును తాకేవి. పక్కనున్న కంప్యూటరు కార్డుకు కరెంటు ఇచ్చి, ఒక ఫేజు తీసేసి, కార్డు మోటారును ఆపుతుందో లేదో మీటరుతో కొలిచేది. బాగుంటే తెర మీద పచ్చగా పాస్ అని, లేకుంటే ఎర్రగా ఫెయిల్ అని వచ్చేది. పచ్చ వచ్చిన కార్డుకు చౌడక్క తన నంబరున్న స్టిక్కరు అంటించేది. నేను ఆమె పక్కన కూర్చుని కార్డులు తుడిచి అందించేదాన్ని. ఆమెదీ నాలాగే పెనుకొండే. మొగుడు బెంగళూరులో సెంట్రింగు పనికి పోయి అటే ఉండిపోయాడు. ఇద్దరు పిల్లలతో, ఎవరి చేతా ఒక మాట పడకుండా బతికేది.

ఆ కంప్యూటరును, అందులోని ప్రోగ్రామును చూసుకునేది గంగాధర. అతను ఎవరి మీదా గొంతు పెంచి నేను వినలేదు. ఏదైనా అడిగితే "ఒక్క నిమిషమక్కా" అని కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకునేవాడు. జవాబు తెలిసినా తుడిచేవాడు, తెలియకపోయినా తుడిచేవాడు.

ఒకరోజు చౌడక్క అతన్ని ఆటపట్టించింది. "ఏమప్పా గంగాధరా, నీ మిషనేంది, కార్డు కార్డుకూ నిద్రపోయి లేస్తాంది?"

"నిద్ర కాదక్కా. ఈ పెద్ద ప్రోగ్రాముకు అన్ని పనులూ రావు. కరెంటు ఇచ్చేది ఒకదానికి తెలుసు, మీటరుతో కొలిచేది ఇంకోదానికి తెలుసు. వాటిని లైబ్రరీలంటారు. అవి వేరే ఫైళ్లలో ఉంటాయి. ఏ టెస్టుకు కావల్లన్నా అవే. పిలిస్తే మెమరీలోకి వస్తాయి, పనైనాక పోతాయి. ఆ వచ్చేది, పొయ్యేదే నీకు నిద్ర మాదిరి కనపడతాంది."

"అంటే మా వీధి మంత్రసాని మాదిరి అను. వీధికంతా ఒగతే. యెవురింట్లో నొప్పులొస్తే ఆడికి పిలిపిచ్చుకుంటారు, కాన్పయినాక పంపిస్తారు."

"అంతే అక్కా, అంతే" అని అతను నవ్వాడు. అతను పళ్లు కనబడేలా నవ్వడం అరుదు.

తర్వాతి ఏడాది రైళ్ల వేళలు మారాయి. సాయంత్రం పాసింజరు ముందుకు జరిగింది. ఆ రోజుకు ఇచ్చిన కార్డులన్నీ పరీక్ష అయితే తప్ప గేటు తెరిచేవాళ్లు కాదు. మిషను నిదానం. మేము ఆటో ఎక్కి స్టేషనుకు చేరేసరికి బండి కదిలిపోయి ఉండేది. పెనుకొండ వాళ్లం, ధర్మవరం వాళ్లం బస్టాండుకు పరిగెత్తేవాళ్లం. బస్సులో నిలబడి ఇల్లు చేరేటప్పటికి పిల్లలు తినకుండానే నిద్రపోయేవాళ్లు. కొందరికి ఇంట్లో మొగుళ్లు వాకిట్లోనే నిలబడి ఉండేవాళ్లు, ఎందుకాలస్యమని.

గంగాధరను గట్టిగా అడిగింది రమాదేవే. "ఏమప్పా, డిప్లొమా చదివినావు గదా. ఆ మిషను నిద్ర వదిలిచ్చే మందేమన్నా ఉండాదా లేదా? నిన్న మా ఆయన ఏమన్యాడో తెల్సునా? ఫ్యాక్టరీలోనే పండుకో పో అన్యాడు."

"చూస్తానక్కా."

"చూసేది కాదు, చెయ్యి."

అతనూ ఆ బండికే పోవాలి. అతని నాయనకు కళ్లు కనబడవు, అతను వస్తే తప్ప ముద్ద నోట్లో పెట్టుకునేవాడు కాదట.

మరుసటి వారం మిషను మారిపోయింది. పిడి లాగడం, పచ్చ రావడం. మధ్యలో ఆ ఆగడం లేదు. ఏం చేశావని చౌడక్క అడిగితే గంగాధర వేళ్లతో దారం మెలి తిప్పి చూపించాడు. "లైబ్రరీలను ఎప్పుడు వదిలిపెట్టల్లనేది ప్రోగ్రాములో మనమే పెట్టుకోవచ్చు. పని పనికీ వదలొచ్చు, కార్డు కార్డుకూ వదలొచ్చు, లేదంటే పొద్దున ప్రోగ్రాము తెరిచినప్పటినుంచి సాయంత్రం మూసేదాకా పట్టుకొనే ఉండొచ్చు. నేను సాయంత్రందాకా పట్టుకోమన్నా. మా మగ్గం మీద పాత కొసలు ఉంచుకుంటాం చూడు, అట్ల. మళ్లా మళ్లా దూర్చే పనిలేదు."

ఆ రోజు మేము బండి కంటే ముందే స్టేషనులో ఉన్నాం. రమాదేవి కనకాంబరాల మూర ఒకటి కొని, వద్దు వద్దంటున్నా అతని మెడలో వేసి, "పాసింజరు సామికి గోవిందా" అని అరిచింది. ప్లాట్‌ఫారం మీద జనమంతా చూశారు. అతని చెవులు ఎర్రబడిపోయాయి. పూలు తీసి సంచిలో పెట్టుకున్నాడు కానీ పారెయ్యలేదు.

ఇబ్బంది తర్వాతి వేసవిలో మొదలైంది. ఒకరోజు పరిగి నుంచి ముత్యాలప్ప అనే రైతు కార్డును తువ్వాలులో చుట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. మేనేజరు రాఘవేంద్ర సారు అతన్ని లోపలికి పిలిపించి, మా బల్ల పక్కనే నిలబడి మాట్లాడాడు.

"సారూ, ఇది మీ కార్డే గదా? ఒగ ఫేజు పోతే మోటారును ఆపుతాదని అంగట్లో చెప్పి ఇచ్చినారు. ఫేజు పాయె. మోటారు ఆగలే. వైండింగంతా బొగ్గయిపాయె. నాది మల్బరీ తోట. పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచి, పొర ఇడిచి, ఆకు కోసం తలలెత్తి చూస్తాండాయి. ఆకు యాడ తెచ్చేది?"

రాఘవేంద్ర సారు కార్డు తిప్పి చూశాడు. స్టిక్కరు మీద చౌడక్క నంబరు ఉంది. కార్డును విడిగా ఒక మోటారుకు తగిలించి పరీక్ష చేయిస్తే ఫేజు పోయినా ఆపడం లేదని తేలింది. ఆ వారంలోనే తలుపుల, బుక్కపట్నం ఊళ్ల నుంచి కూడా అలాంటి కార్డులు వెనక్కి వచ్చాయి. అన్నిటి మీదా చౌడక్క నంబరే. పరీక్ష బల్ల దగ్గర కూర్చునేది ఆమె ఒక్కతే కాబట్టి ఇంకెవరి నంబరు ఉంటుంది?

మా దగ్గర ఒక అలవాటు ఉండేది. చెడిపోయిన కార్డు ఒకటి, ఎర్ర రంగు పూసి, ఎప్పుడూ సొరుగులో ఉండేది. పొద్దున కంప్యూటరు తెరవగానే మొదట ఆ కార్డునే చట్రంలో పెట్టాలి. మిషను దాన్ని ఫెయిల్ అంటే మిషను బాగున్నట్టు. ఆ తర్వాతే పని మొదలు. మరునాడు పొద్దున రాఘవేంద్ర సారు అందరినీ బల్ల చుట్టూ నిలబెట్టి, ఎర్ర కార్డు పెట్టి తనే పిడి లాగాడు. తెర ఎర్రబడింది.

"మిషను చెడ్డ కార్డును పట్టుకుంటూనే ఉంది" అన్నాడు. "మరి ఇన్ని చెడ్డ కార్డులకు పాస్ స్టిక్కరు ఎట్ల పడిందమ్మా?"

"నేను ప్రతి కార్డూ పెట్టినా సార్" అంది చౌడక్క. "పిడి లాగకుండా ఒగ స్టిక్కరు అంటిచ్చి ఉంటే నా చేతులు పడిపోనీ."

"ఒట్లు వద్దు."

"ఒట్టు కాదు సార్, నిజం. నువ్వు చెప్పప్పా గంగాధరా, నువ్వు రోజూ చూస్తాండావు గదా."

గంగాధర కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఆమె పెట్టకుండా అంటించేది నేనెప్పుడూ చూళ్లేదు సార్."

"అయితే మిషను తప్పా?"

"మిషను సరిగ్గానే ఉండాది సార్. నేనే చూసినా."

అప్పటికి అతనికి తెలియదు. తెలిసి అన్న మాట కాదు. కానీ ఆ మాటతోనే చౌడక్క పని ఆగింది. విచారణ అయ్యేదాకా ఇంట్లో ఉండమన్నారు. పని కంటే ముందు ఆమె పేరు పోయింది. బండి అందుకోవాలని పరీక్ష చెయ్యకుండానే స్టిక్కర్లు గుద్దేసిందని ఆ సాయంత్రమే పాసింజరులో అన్నారు. ఆమె ఎదురుగానే కూర్చుని ఉంది. పెనుకొండ వచ్చేదాకా పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికే చూసింది.

ఆమె కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. మూడో రోజో నాలుగో రోజో, భోజనాల వేళ అందరూ బయట వేపచెట్ల కింద ఉన్నారు. నేను స్టిక్కర్ల చుట్ట సరిచేసుకుంటూ లోపలే ఉండిపోయాను. గంగాధర వచ్చి కుర్చీ లాక్కున్నాడు. పొద్దుటినుంచి నడుస్తున్న ప్రోగ్రామును మూయకుండా, మంచి కార్డు ఒకటి పెట్టి పిడి లాగాడు. పచ్చ వచ్చింది. సొరుగులోంచి ఎర్ర కార్డు తీసి పెట్టాడు.

పచ్చ వచ్చింది.

మళ్లీ లాగాడు. మళ్లీ పచ్చ. ఎర్ర కార్డును బయటికి తీసి బల్ల మీద పెట్టి, చట్రంలో ఏమీ లేకుండా పిడి లాగాడు. కార్డే లేదు. తెర మీద పాస్ అని వచ్చింది.

అతను ప్రోగ్రామును మూసి, తిరిగి తెరిచి, ఖాళీ చట్రం మీద పిడి లాగాడు. ఈసారి ఎర్రబడింది. వెనక్కి తిరిగి చూసినప్పుడు నేను కనబడ్డాను.

తర్వాత అతను చెప్పగా నాకు అర్థమైనది ఇది. కార్డు పనిచేసి ఆపమని సంకేతం ఇస్తేనే మీటరు కొలిచేది. చచ్చిన కార్డు సంకేతం ఇవ్వదు, మీటరు పలకదు. మీటరు పలకకపోతే కొలిచే లైబ్రరీ తన దగ్గరున్న అంకెనే ప్రోగ్రాము చేతిలో పెట్టేది. కార్డు కార్డుకూ దాన్ని వదిలిపెట్టినంత కాలం, అది ప్రతిసారీ కొత్తగా వచ్చేది, దాని దగ్గర సున్నా ఉండేది, కార్డు ఫెయిల్ అయ్యేది. సాయంత్రందాకా పట్టుకోమన్నప్పటినుంచి దాని దగ్గర ముందు కార్డు అంకె మిగిలిపోయి ఉండేది. మంచి కార్డు వెనకాల వచ్చిన చచ్చిన కార్డు, ఆ మంచి కార్డు అంకెతోనే పాసైపోయేది. సంకేతం ఇచ్చి అంకె తప్పే కార్డులు ఎప్పటిలాగే ఎర్రబడేవి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పొద్దున మొట్టమొదట పెట్టే ఎర్ర కార్డుకు ముందు ఏ కార్డూ ఉండదు కాబట్టి అది మాత్రం ఎప్పుడూ ఫెయిలే. మేము మిషనును పరీక్షించింది అది తప్పు చెయ్యని ఆ ఒక్క క్షణంలోనే.

మధ్యాహ్నం పని మొదలయ్యేసరికి మిషను మళ్లీ పాత పద్ధతిలో, కార్డు కార్డుకూ ఆగుతూ నడిచింది.

"ఏమప్పా, మళ్లా నిద్ర మొదలుపెట్టెనే నీ మిషను?" అని రమాదేవి కేక వేసింది.

"వైరస్ వచ్చింటే తీసేసినానక్కా. ఇంక ఇట్లే ఉంటాది" అన్నాడు.

కార్డులు వెనక్కి వస్తుండటంతో రోజుకు ఇచ్చేవి అప్పటికే తగ్గించారు, అందుకని బండి మాత్రం అందుతూనే ఉంది. అతను రాఘవేంద్ర సారు గదికి పోతాడని నేను చూస్తూ ఉన్నాను. పోలేదు.

పెనుకొండలో దిగి నేరుగా చౌడక్క ఇంటికి పోయాను. కొండ కింద వీధిలో, వాకిట్లో కూర్చుని చింతకాయలు కొడుతోంది. కూలికి తెచ్చుకున్న మూట పక్కనే ఉంది. నేను చూసింది చూసినట్టు చెప్పాను. ఆమె సుత్తి పక్కన పెట్టింది.

"కార్డే లేకుండానా?"

"కార్డే లేదక్కా. పచ్చ వచ్చింది."

"ఆయప్ప చూసినాడా?"

"చూసినాడు. మిషను మార్చేసినాడు కూడా. మాకు వైరస్ అని చెప్పె."

చౌడక్క పిక్కలు ఏరడంలో పడింది. "రేపు చెప్తాడులే. మంచోడు. ఈపొద్దు భయపడింటాడు."

"నేను చెప్పేదా సారుకు?"

"నువ్వు నోరు తెరవాకు పాపా. మనిద్దరిదీ ఒగే ఊరు, కూడబలుక్కున్యారంటారు. మిషను ఇప్పుడు బాగైపాయె గదా, యేం చూపిస్తావు? నీ పని కూడా పోతాది. ఆయప్ప చెప్తేనే అది మాట."

మరునాడు సాయంత్రం ఆమె పెనుకొండ స్టేషను బయట నిలబడి ఉంది. "చెప్పినాడా?" అంది. లేదన్నాను. ఆ మరునాడూ నిలబడింది. బండి పెట్టెలోంచి గంగాధర ఆమెను చూశాడు. అతను ధర్మవరం పోవాలి, దిగే పని లేదు. తల దించుకున్నాడు. అలా ఎన్ని సాయంత్రాలో. ఆమె అడగడం మానేసింది, నా ముఖం చూసి తెలుసుకుని వెనక్కి తిరిగేది.

ఒకరోజు బండిలో అతను నా ఎదుటి బెంచీ మీద కూర్చున్నాడు. నేను అడగలేదు. తనే మెల్లగా అన్నాడు. "ఈ నెల గడిస్తే నన్ను పర్మినెంటు చేస్తారు మహేశ్వరీ. అదయినాక చెప్తా. అప్పుడైతే అంత సులభంగా తీసెయ్యలేరు. చౌడక్కను నేనే పిలిపిస్తా. ఇప్పుడు చెప్తే ఇద్దరికీ పోతాది. మా నాయనకు నేనొక్కణ్ణే."

నాకు నోట్లోంచి వచ్చింది ఒక్కటే. "అక్క రోజూ స్టేషనుకు వస్తాంది."

అతను లేచి తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

నెల గడవక ముందే విచారణ పెట్టారు. చౌడక్క మంచి చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని వచ్చింది. రాఘవేంద్ర సారు, ఇంకో సారు, గంగాధర ఒకవైపు కూర్చున్నారు. పక్కన పనిచేసేదాన్ని కాబట్టి నన్నూ పిలిచారు. స్టిక్కరు లేకుండా కార్డు బయటికి పోదని నాతో చెప్పించారు. ఆమె పిడి లాగకుండా అంటించేది కాదని కూడా చెప్పాను. నా గొంతు నాకే వినబడలేదు. రాఘవేంద్ర సారు ఏమ్మా అని రెట్టించి అడిగి, మళ్లీ చెప్పించుకుని తల ఊపాడు.

"గంగాధరా, నువ్వు చెప్పేది ఇంకేమైనా ఉందా?"

చౌడక్క అతని వైపు చూసింది. బతిమాలే చూపు కాదు. తెలిసిన సంగతిని చెబుతాడని ఎదురుచూసే చూపు. అతను కళ్లద్దాలు తీశాడు. తుడవలేదు. చేతిలో పట్టుకుని, "ఏమీ లేదు సార్" అన్నాడు.

ఆమె లేచి, "వస్తాను సార్" అని ఆ ఇద్దరికీ చెప్పి బయటికి నడిచింది. గంగాధర ఆమె వెనక వరండా దాకా వచ్చాడు. "చౌడక్కా, ఒక్క నిమిషం" అన్నాడు. ఆమె గేటు దాటింది.

ఆమెను పనిలోంచి తీసేశారు. ఆ తర్వాతి వారం ముత్యాలప్పకు కొత్త కార్డు ఇచ్చి రమ్మని గంగాధరను పరిగికి పంపారు. ఆ రోజు జరిగింది ముత్యాలప్ప నోటనే విన్నాను, పరిగిలో మా చిన్నమ్మ ఇంటి పక్కదే అతని ఇల్లు. తోట ఎండి కట్టెలై ఉంది. పురుగుల తట్టలు బోర్లించి గోడకు ఆనించి ఉన్నాయి. గంగాధర స్టార్టరు డబ్బా తెరిచి కార్డు మారుస్తుంటే ముత్యాలప్ప పక్కన కూర్చుని బీడీ కాలుస్తూ అన్నాడట.

"మీ ఫ్యాక్టరీలో ఎవురో ఆడమనిషిని తీసేసినారంట గదా, నా కార్డు గురించి?"

"ఊ."

"నేను కంప్లైంటు ఇచ్చింది కార్డు మీదప్పా, మనిషి మీద కాదు. ఆయమ్మకు బిడ్డలుండారో ఏమో. ఆమెను ఎండగడితే నా తోట పచ్చబడతాదా? నువ్వన్నా చెప్పు మీ సారుకు. పరిగి ముత్యాలప్ప చెప్పమన్యాడని చెప్పు."

గంగాధర చేతిలోని స్క్రూడ్రైవరు జారి డబ్బాలో పడిందట. వెతుక్కోకుండా అక్కడే చతికిలబడ్డాడట. "ఎండ దెబ్బేమో అనుకొని చెంబుతో నీళ్లిస్తి" అన్నాడు ముత్యాలప్ప. "తాగి, మోటారు కాల్చింది నేనప్పా అన్యాడు. నాకేం అర్థం కాలే."

గంగాధర అక్కడినుంచి నేరుగా రాఘవేంద్ర సారు గదికి పోయి అంతా చెప్పాడు. ఎవరూ అడగకుండానే సారును నా బల్ల దగ్గరికి తీసుకొచ్చి, ప్రోగ్రామును మళ్లీ పట్టుకొనే పద్ధతికి మార్చి, ఖాళీ చట్రం మీద పచ్చ తెప్పించి చూపించాడు. సారు కేకలు వెయ్యలేదు. "తప్పు ఎవడైనా చేస్తాడు" అన్నాడు. "తెలిసిన రోజే చెప్పి ఉంటే నిన్ను నేను కాపాడుకునేవాణ్ణి. నువ్వు ఆమెను ఆ విచారణ కుర్చీలో కూర్చోబెట్టి చూస్తూ ఉన్నావు." బయటికి పోయిన కార్డులు వెనక్కి తెచ్చేదాకా ఉండమని, ఆ తర్వాత వద్దని చెప్పాడు.

గంగాధర ఆ ఎండల్లో సంచి భుజాన వేసుకుని తలుపుల, బుక్కపట్నం, పరిగి అంగళ్లన్నీ తిరిగి కార్డులు వాపసు తెచ్చాడు. చేత్తోనే ఒక్కొక్కటీ పరీక్ష చేశాడు. చివరి రోజు మేమంతా బండిలో ఉన్నాం. అతను మాతో పాటు పెనుకొండలోనే దిగాడు. నా వెనకే చౌడక్క ఇంటికి వచ్చాడు.

ఆమె చింతకాయలు కొడుతోంది. అతను వాకిట్లో నిలబడి, "అంతా చెప్పేసినానక్కా. తప్పు నాదేనని అందరికీ తెలుసు ఇప్పుడు. సారు నిన్ను పనికి రమ్మన్నాడు. నీ పాత బల్లే" అన్నాడు.

సుత్తి దెబ్బ ఆగలేదు.

"నన్ను రెండు తిట్టన్నా తిట్టక్కా."

చౌడక్క పిక్కలు ఒకవైపు, పండు ఒకవైపు చేసి, తల ఎత్తకుండానే నాతో అంది. "పాపా, పొద్దుపోతాంది. ఆయప్పకు బస్సు టైమైంటాది. పొమ్మను."

అతను పోయాడు. నేను ఆమె పక్కన కూర్చుని, "ఇంక రాక్కా పనికి, అందరూ అడుగుతాండారు" అన్నాను.

"నేను దొంగను కాదని ఊరందరికీ తెలీకపోతే నాకు బాధలేదు పాపా" అంది. "తెలిసినోడు ఒగడుండె. వాడు నా మొగం చూసి ఏమీ లేదు సార్ అన్యాడే." అంతే. ఆ బల్ల దగ్గరికి మళ్లీ రాలేదు.

గంగాధర పోయాక పాసింజరులో కొత్త మాట పుట్టింది. మేమందరం బండి కోసం తొందరపెడితే చేసిన మార్పు వల్ల అతని ఉద్యోగం పోయిందని చెప్పుకోవడం కంటే, ఒక ఆడదాని కోసం పోయిందని చెప్పుకోవడం తేలిక. నాలుగైదేళ్లలో ఆ మాటకు ఇల్లూ వచ్చింది, పట్టుచీరలూ వచ్చాయి.

గంగాధర ఇప్పుడు ధర్మవరంలో ఒక అంగట్లో చీరల అంచుల డిజైన్లు కంప్యూటరు మీద గీస్తాడు. పెళ్లయింది, ఒక కూతురు. నాయన పోయాడు. చౌడక్క పెనుకొండలోనే, అదే ఇంట్లో ఉంటుంది, బడిలో మధ్యాహ్నం వంట చేస్తుంది. అతను ఏటా పెనుకొండకు వస్తాడు, బడి గోడ బయట కాసేపు నిలబడి పోతాడు. విచారణ రోజు గేటు దాటినప్పటి నుంచి చౌడక్క గంగాధరతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.